జట్టు వెంట తిరగకండి, ఒక ఊళ్లో కూర్చోండి: మహిళల ఫుట్‌బాల్ టోర్నీ చూడటానికి సమగ్ర మార్గదర్శి

పెద్ద ఫుట్‌బాల్ టోర్నీకి వెళ్లాలనుకునేవాళ్లు ముందు జట్టును ఎంచుకుంటారు. అది ఎక్కడ ఆడితే అక్కడికి పరిగెడతారు. మూడు మ్యాచ్‌లకు మూడు ఊళ్లు, మూడు హోటళ్లు, మధ్యలో రాత్రి రైళ్లు. మూడో మ్యాచ్‌తో జట్టు ఇంటిదారి పడితే వీళ్లూ పెట్టె సర్దుకోవాల్సిందే.

నేను చెప్పబోయేది దీన్ని తిరగేసిన పద్ధతి. ఒక ఆతిథ్య నగరాన్ని ఎంచుకుని అక్కడే ఉండటం. జట్లే మన దగ్గరికి వస్తాయి. కాకపోతే ఏ నగరానికి ఏ జట్లు వస్తాయో ముందే పసిగట్టడం తెలియాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే. ఉదాహరణకు 2025 జూలై 2 నుంచి 27 వరకు స్విట్జర్లాండ్‌లో జరిగిన మహిళల యూరో కప్‌ను, అందులోనూ ముఖ్యంగా బాసెల్ నగరాన్ని తీసుకుంటున్నాను. 16 జట్లు, 8 నగరాలు, 31 మ్యాచ్‌లు. నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైన సైజు ఉండదు.

మొదటి అడుగు: క్యాలెండర్‌లో జట్ల పేర్లు కాదు, స్థానాలు చదవండి

టోర్నీ క్యాలెండర్ డ్రా తీయకముందే వచ్చేస్తుంది. (ఇక్కడ డ్రా అంటే చీటీలు తీసి జట్లను గ్రూపుల్లో వేయడం. మ్యాచ్ సమం కావడాన్నీ డ్రా అనే అంటాం కాబట్టి కొత్తవాళ్లు తికమకపడతారు.) అప్పటికి జట్ల పేర్లు ఉండవు. ఎ1, ఎ2, సి3 లాంటి గుర్తులుంటాయి. అక్షరం గ్రూపు, అంకె ఆ గ్రూపులో స్థానం. "జూలై 8, బాసెల్, సి1-సి3" అని ఉంటే, సి గ్రూపులో ఒకటో స్థానంలో పడిన జట్టు, మూడో స్థానంలో పడిన జట్టు ఆ రోజు బాసెల్‌లో ఆడతాయని అర్థం.

చాలామంది ఈ కాగితాన్ని పక్కన పడేసి డ్రా అయ్యేదాకా ఆగుతారు. అసలు సమాచారమంతా ఇందులోనే ఉంది. డ్రా కోసం జట్లను నాలుగు పాట్‌లుగా, అంటే చీటీల గిన్నెలుగా, విడదీస్తారు. 2025లో ఒకటో స్థానాలు నాలుగూ మొదటి పాట్‌లోని జట్లవి. అంటే ఆతిథ్య దేశం స్విట్జర్లాండ్‌తో పాటు స్పెయిన్, జర్మనీ, ఫ్రాన్స్. స్విట్జర్లాండ్ ఎ1 అని ముందే ఖాయం. కాబట్టి ఒక నగరం వరుసలో ఒకటో నంబర్లు ఎన్నుంటే సీడెడ్ జట్ల (మొదటి పాట్ జట్ల) మ్యాచ్‌లు అన్ని. మిగతా స్థానాలకు మాత్రం ఈ లెక్క వర్తించలేదు, అవి చీటీ ఎలా వస్తే అలా. రెండో పాట్‌లోని ఇటలీ బి4లో పడింది.

రెండో అడుగు: నగరం వరుస రాసుకోండి

ఒక కాగితం మీద నగరం పేరు రాసి, దాని కింద అక్కడి మ్యాచ్‌లన్నీ తేదీల ప్రకారం రాయండి. బాసెల్ వరుస ఇలా ఉండేది:

జూలై 2: ఎ1-ఎ2
జూలై 8: సి1-సి3
జూలై 13: డి4-డి1
జూలై 19: క్వార్టర్‌ఫైనల్, డి విజేత - సి రన్నరప్
జూలై 27: ఫైనల్

ఐదే మ్యాచ్‌లు, కానీ గ్రూపు మ్యాచ్‌లు మూడింటిలోనూ ఒకటో నంబరు ఉంది. బి గ్రూపు ఒక్కటి తప్ప మిగతా మూడు గ్రూపుల సీడెడ్ జట్లు ఇటుగా వెళ్తాయన్నమాట. డ్రా కాకముందే ఇంత తెలుస్తుంది.

మిగతా నగరాలను కూడా ఇలాగే రాసి పక్కపక్కన పెట్టండి, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లూసెర్న్, సియోన్ వరుసల్లో ఒకటో నంబరు ఒక్కటీ లేదు. బెర్న్‌లో బి1 రెండుసార్లు, ఎ1 ఒకసారి. పైగా బెర్న్ క్వార్టర్‌ఫైనల్ బి విజేతదే. బి1 మిగిలిన గ్రూపు మ్యాచ్ థున్‌లో. బెర్న్ నుంచి థున్‌కు రైల్లో ఇరవై నిమిషాల దారి. అంటే బి1 జట్టు గ్రూపులో మొదటి స్థానంలో నిలిస్తే క్వార్టర్స్ దాకా దాని అభిమాని బెర్న్‌లో గది తీసుకుని కదలకుండా కూర్చోవచ్చు. ఆ బి1 స్పెయిన్ అయింది. పోర్చుగల్‌పై 5-0, ఇటలీపై 3-1, క్వార్టర్స్‌లో స్విట్జర్లాండ్‌పై 2-0, మూడూ బెర్న్‌లోనే. స్పెయిన్ వెంట తిరుగుదామని బయల్దేరినవాళ్లు నిజానికి తిరగాల్సిన పనే లేకపోయింది.

అందుకే, జట్టే ముఖ్యం అనుకునేవాళ్లకు కూడా నేను ఇదే చెబుతాను. ఆ జట్టు ఏ నగరంలో ఎక్కువసార్లు ఆడుతుందో చూసి అక్కడ దిగండి.

మూడో అడుగు: మీకేం కావాలో తేల్చుకోండి

ఎక్కువ జట్లను చూడటమా, పెద్ద మ్యాచ్‌లా, తక్కువ ఖర్చా? మూడూ ఒకేచోట దొరకవు.

ఎక్కువ జట్లు కావాలంటే బాసెల్, జెనీవా. టోర్నీ ముగిసేసరికి బాసెల్ ఐదు మ్యాచ్‌ల్లో ఎనిమిది వేర్వేరు జట్లను చూసింది: స్విట్జర్లాండ్, నార్వే, జర్మనీ, డెన్మార్క్, నెదర్లాండ్స్, ఫ్రాన్స్, ఇంగ్లండ్, స్పెయిన్. అంటే టోర్నీలో సగం. జెనీవాకూ ఐదు మ్యాచ్‌ల్లో ఎనిమిదే. జ్యూరిచ్‌కు కూడా ఐదు మ్యాచ్‌లున్నా అక్కడ ఆడింది ఆరు జట్లే. ఇంగ్లండ్ మూడుసార్లు, స్వీడన్, జర్మనీ చెరో రెండుసార్లు అక్కడే కనబడ్డాయి.

ఇక చిన్న నగరాలు. చాలా గైడ్లు వీటిని ఒక్క లైన్లో దాటేస్తాయి, నాకది అన్యాయమనిపిస్తుంది. థున్ స్టేడియంలో పట్టేది ఎనిమిది వేల చిల్లర. మూడే మ్యాచ్‌లు. ఐస్‌లాండ్-ఫిన్లాండ్ 0-1, స్పెయిన్-బెల్జియం 6-2, నార్వే-ఐస్‌లాండ్ 4-3. మూడు మ్యాచ్‌ల్లో 16 గోల్స్! ఫైనల్‌తో కలిపి ఐదు మ్యాచ్‌లు ఆడించిన బాసెల్‌లో షూటౌట్‌లు (సమమైన మ్యాచ్‌ను తేల్చే పెనాల్టీలు) వదిలేస్తే పడ్డవి 17. ఒకటో నంబరు లేని లూసెర్న్‌లో పోలండ్ 3-2తో డెన్మార్క్‌ను ఓడించింది. మొట్టమొదటిసారి యూరోకు వచ్చిన పోలండ్‌కు అది ఆ టోర్నీలో తొలి గెలుపు. నంబర్లు చూసి నగరాన్ని ఎంచుకోండి గానీ, నంబర్లు లేవని ఏ నగరాన్నీ కొట్టిపారేయకండి.

నాలుగో అడుగు: డ్రా రోజు కాగితం నింపండి

2025 టోర్నీ డ్రా 2024 డిసెంబర్ 16న లొసాన్‌లో జరిగింది. ఒక్కో చీటీ తీస్తుంటే మీ కాగితం మీద గుర్తుల పక్కన పేర్లు రాయండి. ఎ2 నార్వే. సి1 జర్మనీ, సి3 డెన్మార్క్. డి1 ఫ్రాన్స్, డి4 నెదర్లాండ్స్. ఆ సాయంత్రానికి బాసెల్ గ్రూపు మ్యాచ్‌లు తయారు: స్విట్జర్లాండ్-నార్వే, జర్మనీ-డెన్మార్క్, నెదర్లాండ్స్-ఫ్రాన్స్.

తర్వాతి పని నాకౌట్‌ను ఊహించడం. బాసెల్ క్వార్టర్స్‌కు రావాల్సింది డి గ్రూపు విజేత, సి గ్రూపులో రెండో జట్టు. డి గ్రూపులో ఫ్రాన్స్, ఇంగ్లండ్, వేల్స్, నెదర్లాండ్స్. సి గ్రూపులో జర్మనీ, పోలండ్, డెన్మార్క్, స్వీడన్. బలాలు కాస్త తెలిసినవాళ్లకు వెంటనే అర్థమైపోతుంది. ఫ్రాన్స్, ఇంగ్లండ్, నెదర్లాండ్స్‌లో ఒకటి, జర్మనీ, స్వీడన్‌లో ఒకటి. ఎవరొచ్చినా పెద్ద మ్యాచే. పేర్లు తెలియకుండానే కొనదగ్గ టికెట్ అది. అందరి కళ్లూ ఫైనల్ మీదుంటాయి, ఇలాంటి క్వార్టర్‌ఫైనల్ కోసం మొదట్లో అంత తొక్కిసలాట ఉండదు.

ఐదో అడుగు: టికెట్లు

ఇక్కడ పెద్ద రహస్యాలేమీ లేవు. టోర్నీ అధికారిక సైట్‌లోనే కొనండి. అమ్మకం విడతలుగా జరుగుతుంది. డ్రాకు ముందు ఒకటి రెండు విడతలు, డ్రా తర్వాత ఇంకోటి, చివర్లో అధికారిక రీసేల్. టికెట్ వదులుకునేవాళ్లు అక్కడ పెడతారు, మ్యాచ్ ముందురోజు దాకా దొరుకుతుంటాయి. 2025లో ధరలు 25 నుంచి 90 స్విస్ ఫ్రాంకుల మధ్య ఉన్నాయి. పురుషుల టోర్నీ ధరలు చూసినవాళ్లకు ఇవి నమ్మబుద్ధి కావు.

చవకే కదా, చివర్లో చూద్దాంలే అనుకోవద్దు. మహిళల మ్యాచ్‌లకు సీట్లు ఖాళీగా ఉంటాయన్నది పాత మాట. 2025లో మొత్తం హాజరు 6,57,291, మహిళల యూరోలో అప్పటికి అదే రికార్డు. ఫైనల్‌కు 34,203 మంది వచ్చారు, స్టేడియం నిండిపోయింది.

నా సలహా: నగరంలోని గ్రూపు మ్యాచ్‌లన్నీ డ్రాకు ముందే కొనేయండి. సీడెడ్ జట్టు పేరు పడ్డాక ఆ టికెట్ కోసం మీతో పాటు ఆ దేశమంతా క్యూలో ఉంటుంది.

ఆరో అడుగు: బస, ప్రయాణం

బాసెల్ మూడు దేశాలు కలిసే చోట, రైన్ నది ఒడ్డున ఉంది. విమానాశ్రయం ఫ్రాన్స్ భూభాగంలో, ఊళ్లోని ఒక పెద్ద రైల్వే స్టేషన్‌కు మాత్రం జర్మనీ రైళ్లు. ఎనిమిదో నంబర్ ట్రామ్ ఎక్కితే జర్మనీలోని వైల్ ఆమ్ రైన్‌లో, మూడో నంబర్ ఎక్కితే ఫ్రాన్స్‌లోని సెయింట్ లూయీలో దిగుతారు. స్విట్జర్లాండ్ హోటల్ ధరలకు గుండె గుభేల్‌మంటే ఈ రెండు ఊళ్లలో వెతకండి. అక్కడ యూరో కరెన్సీ నడుస్తుంది, భోజనమూ చవక. కాకపోతే రాత్రి ఆఖరి ట్రామ్ ఎన్నింటికో గది బుక్ చేయకముందే చూసుకోవాలి. ఐడీ కార్డో, పాస్‌పోర్టో ఎప్పుడూ జేబులో ఉండాలి.

బాసెల్ లోపలే హోటల్ తీసుకుంటే ఊళ్లో ట్రామ్‌లు, బస్సులు ఉచితంగా ఎక్కేందుకు కార్డు ఇస్తారు. గది అద్దె పోల్చేటప్పుడు దీన్ని కూడా లెక్కలో వేసుకోండి. 2025లో మ్యాచ్ టికెట్ ఉన్నవాళ్లకు ఆ రోజు స్విట్జర్లాండ్ లోపల సెకండ్ క్లాస్ ప్రయాణం కూడా ఉచితమే. బాసెల్ నుంచి జ్యూరిచ్ గానీ బెర్న్ గానీ రైల్లో గంట దారి కాబట్టి, మన నగరంలో మ్యాచ్ లేని రోజున పక్క నగరానికి వెళ్లి రాత్రికి తిరిగొచ్చేయొచ్చు. ఒకే గది, ఒకే పెట్టె. ఇంకో టోర్నీకి వెళ్తే ఇలాంటి ఉచిత ప్రయాణం ఉందో లేదో టికెట్ నిబంధనల్లో మొట్టమొదట వెతకాల్సిన విషయం.

జట్టు బస చేసే ఊరు, ఆడే ఊరు ఒకటే అనుకుని మోసపోకండి. స్విట్జర్లాండ్ జట్టు మకాం థున్‌లో. ఆ స్టేడియంలో మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బాసెల్, బెర్న్, జెనీవా, మళ్లీ బెర్న్, అంతే. స్పెయిన్ లొసాన్‌లో దిగింది, అది అసలు ఆతిథ్య నగరమే కాదు. క్రీడాకారిణులను దగ్గర్నుంచి చూడాలంటే జనాన్ని రానిచ్చే ప్రాక్టీస్ సెషన్ ఎక్కడైనా ఉందేమో ఆ దేశ ఫుట్‌బాల్ సంఘం పేజీలో చూడండి.

ఏడో అడుగు: మూడో రౌండ్ రాత్రికి లెక్క వేసుకుని వెళ్లండి

గ్రూపు దశ ఆఖరి రౌండ్‌లో ఒక గ్రూపులోని రెండు మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి. పక్క మ్యాచ్ ఫలితం చూసుకుని ఆడకుండా ఈ ఏర్పాటు. మీరు ఒక స్టేడియంలో కూర్చుని రెండు మ్యాచ్‌లు ఫాలో అవ్వాలి. ఫోన్ ఛార్జింగ్ నిండుగా ఉండాలి, అంతకంటే ముందు లెక్క బుర్రలో ఉండాలి.

జూలై 12 రాత్రి నుంచి మొదలుపెడదాం. జ్యూరిచ్‌లో స్వీడన్, జర్మనీ తలపడ్డాయి. ఇద్దరికీ ఆరేసి పాయింట్లు, గోల్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే మిగిలేది) స్వీడన్‌కు +4, జర్మనీకి +3. మ్యాచ్ సమమైనా స్వీడనే మొదటి స్థానంలో ఉంటుంది, జర్మనీ గెలిచి తీరాలి. స్వీడన్ 4-1తో ఓడించింది. దాంతో సి గ్రూపులో రెండో జట్టు జర్మనీ. జ్యూరిచ్ మ్యాచ్ బాసెల్‌కు క్వార్టర్స్ అతిథిని పంపింది.

మర్నాడు బాసెల్‌లో నెదర్లాండ్స్-ఫ్రాన్స్, అదే సమయంలో సెయింట్ గాలెన్‌లో ఇంగ్లండ్-వేల్స్. అప్పటికి ఫ్రాన్స్‌కు 6, ఇంగ్లండ్‌కు 3, నెదర్లాండ్స్‌కు 3, వేల్స్‌కు సున్నా. ఇంగ్లండ్ గెలుస్తుందనే అనుకుందాం. నెదర్లాండ్స్ కూడా గెలిస్తే మూడు జట్లూ ఆరు పాయింట్ల దగ్గర ఆగుతాయి. అప్పుడేం చేయాలి?

యూరోలో పాయింట్లు సమమైతే ముందు ఆ జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లే చూస్తారు. (2023 ప్రపంచ కప్‌లో ఇలా కాదు, గ్రూపు మొత్తం గోల్ తేడా ముందు చూశారు. ఏ టోర్నీకి వెళ్తున్నారో దాని నియమం చదవకుండా లెక్కలోకి దిగితే బోర్లా పడతారు.) వేల్స్ మ్యాచ్‌లు తీసేయండి. ఫ్రాన్స్ 2-1తో ఇంగ్లండ్‌ను ఓడించింది, కాబట్టి ఫ్రాన్స్ +1, ఇంగ్లండ్ -1. ఇంగ్లండ్ 4-0తో నెదర్లాండ్స్‌ను ఓడించింది, కాబట్టి ఇంగ్లండ్ మొత్తం +3, నెదర్లాండ్స్ -4. ఇప్పుడు నెదర్లాండ్స్ గెలుపును కలపండి.

ఒక గోల్ తేడాతో గెలిస్తే: ఇంగ్లండ్ +3, ఫ్రాన్స్ 0, నెదర్లాండ్స్ -3.
రెండు గోల్స్ తేడాతో: ఇంగ్లండ్ +3, ఫ్రాన్స్ -1, నెదర్లాండ్స్ -2.
మూడు గోల్స్ తేడాతో: ఇంగ్లండ్ +3, నెదర్లాండ్స్ -1, ఫ్రాన్స్ -2.

నెదర్లాండ్స్ మొదటి రెండు స్థానాల్లో నిలిచి ముందుకెళ్లాలంటే కనీసం మూడు గోల్స్ తేడా కావాలి. టీవీల్లో అందరూ చెప్పింది ఇదే. కానీ బాసెల్‌లో గది తీసుకున్న మనకు కావాల్సిన సమాధానం ఇంకొకటి: క్వార్టర్స్‌కు ఇక్కడికి ఎవరొస్తారు? పై మూడు వరుసల్లోనూ ఇంగ్లండే మొదటి స్థానంలో ఉంది. అంటే నెదర్లాండ్స్ ఒక్క గోల్ తేడాతో గెలిచినా చాలు, బాసెల్‌కు ఫ్రాన్స్ బదులు ఇంగ్లండ్ వచ్చేది. ఫ్రాన్స్ జ్యూరిచ్ వెళ్లేది, లేదా ఇంటికే.

ఇంటర్వెల్‌కు నెదర్లాండ్స్ 2-1తో ముందుంది! సెయింట్ గాలెన్‌లో ఇంగ్లండ్ జోరు మీదుంది. ఆ పదిహేను నిమిషాలూ ఈ లెక్క తెలిసినవాళ్లు కాఫీ కోసం లేవగలరనుకోను. సెకండ్ హాఫ్‌లో ఫ్రాన్స్ నాలుగు గోల్స్ కొట్టి 5-2తో ముగించింది. ఇంగ్లండ్ 6-1తో గెలిచింది. ఫ్రాన్స్ ఆరు రోజుల్లో మళ్లీ అదే స్టేడియానికి వచ్చింది.

ఎనిమిదో అడుగు: నాకౌట్ రాత్రికి టైమ్ ఎక్కువ పెట్టుకోండి

గ్రూపు మ్యాచ్ రెండు గంటల్లో అయిపోతుంది. నాకౌట్ అలా కాదు. సమమైతే 30 నిమిషాల ఎక్స్‌ట్రా టైమ్, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. రాత్రి 9 గంటలకు కిక్‌ఆఫ్ అంటే బయటపడేసరికి అర్ధరాత్రి అవుతుందనే అనుకుని రైలు చూసుకోండి.

జూలై 19న బాసెల్‌లో అదే జరిగింది. 13వ నిమిషంలో ప్రత్యర్థి జుట్టు లాగినందుకు జర్మనీ డిఫెండర్ కాథ్రిన్ హెండ్రిచ్‌కు రెడ్ కార్డ్, ఫ్రాన్స్‌కు పెనాల్టీ, గోల్. ఇక ఫ్రాన్స్‌దే అనుకున్నారు. పది మందితో ఆడుతూనే షూకే న్యూస్కెన్ హెడర్‌తో సమం చేసింది. ఎక్స్‌ట్రా టైమ్ కూడా గడిచిపోయింది. షూటౌట్‌లో జర్మనీ గోల్‌కీపర్ ఆన్-కాట్రిన్ బెర్గర్ రెండు పెనాల్టీలు ఆపి, ఒకటి తనే కొట్టింది. జర్మనీ 6-5. ఆఖరి రైలు కోసం ఎక్స్‌ట్రా టైమ్‌లో లేచి వెళ్లినవాళ్లెవరైనా ఉంటే వాళ్ల బాధ ఊహించగలను.

ఫైనల్ సాయంత్రం 6 గంటలకు పెట్టారు కాబట్టి ఆ టెన్షన్ లేదు. మ్యాచ్‌లో ఉన్న టెన్షన్ వేరు. స్పెయిన్ ముందు గోల్ కొట్టింది, అలెసియా రూసో హెడర్‌తో ఇంగ్లండ్ 1-1 చేసింది. షూటౌట్‌లో ఇంగ్లండ్ 3-1తో కప్పు నిలబెట్టుకుంది, ఆఖరి పెనాల్టీ క్లోయి కెల్లీది.

ఇదే పద్ధతి 2027లో

వచ్చే మహిళల ప్రపంచ కప్ 2027 జూన్ 24 నుంచి జూలై 25 వరకు బ్రెజిల్‌లో. 32 జట్లు, 8 నగరాలు: రియో డి జనీరో, సావో పాలో, బ్రసీలియా, బెలో హొరిజోంటె, పోర్టో అలెగ్రే, రెసీఫే, సాల్వడార్, ఫోర్టలేజా. అక్కడ గంట దారిలో ఇంకో ఆతిథ్య నగరం దొరకదు. పోర్టో అలెగ్రే నుంచి ఫోర్టలేజాకు గీత గీసినట్టు లెక్కేసినా 3,000 కిలోమీటర్ల పైమాటే, ఎక్కువగా విమాన ప్రయాణాలే. ఒకే నగరంలో ఉండటం స్విట్జర్లాండ్‌లో సౌకర్యం, బ్రెజిల్‌లో తప్పనిసరి లాంటిది.

నగరాల వరుసలు రాసుకునేటప్పుడు ఒక గడి అదనంగా గీయండి, వాతావరణానికి. జూన్, జూలై నెలలు దక్షిణాన పోర్టో అలెగ్రేలో చలికాలం. అదే సమయంలో రెసీఫేలో వానలు. ఒకచోటికి స్వెటర్, ఇంకోచోటికి రెయిన్‌కోట్. స్టేడియాల్లోకి గొడుగు సాధారణంగా రానివ్వరు.